మేడ మీది నార్వే

గొర్లె సూరిబాబును నార్వే పంపాలని తీరాంధ్ర ఎండుచేపల ఎగుమతుల సంస్థ తీర్మానం చేసే నాటికి, ఆ దేశం ఏ దిక్కున ఉందో సంస్థలో ఒక్కరికీ తెలియదు. అక్కడివాళ్ళు చేపలు తింటారని మాత్రం అందరూ విన్నారు. మనిషిని పంపడానికి ఆ మాత్రం కారణం చాలని జనరల్ మేనేజర్ ముక్కామల త్రివిక్రమరావు గారు తేల్చేశారు.

ఈ పిచ్చి అంటించింది హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సలహాదారు. విశాఖపట్నం ఉక్కపోతలో కూడా కోటు విప్పని మనిషి. వచ్చినాయన గొడౌను చూడలేదు, చేపల ధర అడగలేదు. ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఒకే ఒక ప్రశ్న వేశాడు. "మీ సిబ్బందిలో విదేశీ నియామకాల మీద ఉన్నవాళ్ళెందరు?" ఎవరూ లేరని చెప్పగానే, చావింటికి పలకరింపుకొచ్చినట్టు మొహం పెట్టాడు. ఆ మొహం గుర్తొచ్చి త్రివిక్రమరావు గారికి వారం పాటు అన్నం సయించలేదు. సలహాదారు వెళ్తూ వెళ్తూ, మారుతున్న ప్రపంచ ఆర్థిక వ్యవస్థలో అంతర్జాతీయ నియామకాలను ఎలా నిర్వహించాలో చెప్పే లావుపాటి విధాన గ్రంథం ఒకటి ఇచ్చిపోయాడు. దాన్ని అమలు చేయడానికి హిమశైల అనే మానవ వనరుల అధికారిణిని కొత్తగా వేశారు. ఆవిడ మాట్లాడేది తెలుగే గానీ, ఒక్క మాటా నేలకు ఆనేది కాదు.

సూరిబాబును ఎన్నుకోవడానికి పెద్ద పరీక్షలేమీ పెట్టలేదు. సంస్థ మొత్తంలో పాస్‌పోర్టు ఉన్నది అతనొక్కడికే. ఎప్పుడో గల్ఫ్ వెళ్దామని తీయించుకున్నాడు, వెళ్ళలేదు. గ్రేడింగు షెడ్డులో కూర్చుని చేపల్లో నెత్తళ్ళు ఒక పక్కకి, కానాగంతలు ఒక పక్కకి వేరు చేయించడం అతని ఉద్యోగం. ఇంకా పర్మినెంటు కాలేదు. మేనమామ కూతురు నూకరత్నంతో పెళ్ళి మాత్రం అయింది, కాళ్ళ పారాణి ఇంకా పూర్తిగా పోలేదు. ఆఫీసుకి ఎదురుగా, రోడ్డు దాటితే ఉన్న సందులో రేకుల ఇల్లు తీసుకుని కాపురం పెట్టాడు. ఇల్లు, భార్య, ఆఫీసు మూడూ ఒక కేక దూరంలో ఉన్నాయని తెగ మురిసిపోతున్న సమయంలో నెత్తిన నార్వే పడింది.

వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. శాలువా కప్పారు. చేతిలో కొత్త సూట్‌కేసు పెట్టి ఫొటో తీశారు. అది పేపర్లో జిల్లా పేజీలో కూడా పడింది. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "చలిలో జాగ్రత్త బావా, మంకీ కేప్ తియ్యకు" అని పదిసార్లు చెప్పింది.

తీరా బయలుదేరే ముందు ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మారిపోయింది. డాలరు పెరిగింది, విమానం టిక్కెట్లు పెరిగాయి, విదేశీ ప్రయాణాలన్నీ ఆపమని పైనుంచి ఉత్తర్వు దిగింది. సూరిబాబు లోపల్లోపల వేయి దేవుళ్ళకి దణ్ణం పెట్టుకుని, సూట్‌కేసు చంకనెట్టుకుని జనరల్ మేనేజరు గదికి వెళ్ళాడు.

"అయితే సార్, నేను షెడ్డులోకి ఎల్లిపోతానండి."

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సూరిబాబూ, తమరు నిన్ననే రిలీవ్ అయ్యారు. శాలువా కప్పేశాం. కప్పిన శాలువాను వెనక్కి తీసుకునే నిబంధన సంస్థలో లేదు."

"మరి నార్వే ఎల్లడానికి లేదు గదండి?"

"అక్కడే తమరు పొరబడుతున్నారు. ఆగినది ప్రయాణం. నియామకం ఆగలేదు. నియామకం వేరు, ప్రయాణం వేరు."

హిమశైల తలూపింది. "సార్ చెప్పినది చాలా ప్రగతిశీలమైన అవగాహన. ప్రపంచమంతా ఇప్పుడు భౌతిక చలనం లేని అంతర్జాతీయ నియామకాల వైపు పయనిస్తోంది."

అలా మేడ మీద విరిగిన కుర్చీలు పడేసే గది నార్వే అయింది. కుర్చీలు తీయించి, సున్నం కొట్టించి, తలుపు మీద 'నార్వే' అని బోర్డు పెట్టారు. చలి ఉండాలని జనరల్ మేనేజరు గారు తన గదిలోని ఏసీని త్యాగం చేసి అక్కడ బిగించారు. కరెంటు పోయినప్పుడల్లా అక్కడ వేసవి వచ్చినట్టు లెక్క. సూరిబాబు మంకీ కేప్ పెట్టుకుని, శాలువా చుట్టుకుని కూర్చుని, నార్వే మార్కెట్టును అధ్యయనం చేయాలి. సాయంత్రం నివేదిక పంపాలి. "ఈరోజు నార్వేలో ఎవరూ మన ఎండుచేపలు కొనలేదు" అని రాసేవాడు. "ప్రయత్నాలు ముమ్మరం చేయవలెను" అని కింది నుంచి జవాబు వచ్చేది.

ఇదంతా భరించవచ్చు. అసలు పిడుగు ఆ మొదటి రోజు సాయంత్రం పడింది. పని ముగించుకుని ఇంటికి బయలుదేరుతుంటే మెట్ల దగ్గర హిమశైల ఎదురైంది.

"ఎక్కడికండీ?"

"ఇంటికండి."

"నార్వే నుంచా? మన విధానంలో శీతల దేశాలు కఠిన కేంద్రాల జాబితాలో ఉన్నాయి. మీది ఒంటరి హోదా. కుటుంబ సహవాసం ఏడాదికి ఒకసారి, సెలవులో మాత్రమే. అనుమతి లేకుండా స్వదేశం చేరితే అది పరారీ కిందికి వస్తుంది. ప్రొబేషన్‌లో పరారీ అంటే మీకే తెలుసు."

తెలుసు. ఉద్యోగం ఊడుతుంది. సూరిబాబు వెనక్కి తిరిగి నార్వే ఎక్కాడు. ఆఫీసు అతిథి గదిలోని నవారు మంచం ఒకటి పైకి చేర్చారు.

ఆ గదికి రోడ్డు వైపు ఒక కిటికీ ఉంది. అందులోంచి చూస్తే ఎదురు సందులో తన ఇల్లు, వాకిట్లో బట్టలు ఆరేస్తున్న తన పెళ్ళాం కనిపించేది. కొత్తగా పెళ్ళయిన వాడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏ జైల్లోనూ వేయరు. ఒకరోజు ఉండబట్టలేక "రత్నం! తిన్నావా?" అని అరిచాడు. "తిన్నాను బావా! నువ్వో?" అని అటునుంచి కేక వచ్చింది. మర్నాడు హిమశైల సంజాయిషీ అడిగింది. దేశాల మధ్య కేకలు కూడా అంతర్జాతీయ కాల్సేనట, ముందస్తు అనుమతి కావాలట. ఆ తర్వాత ఇద్దరూ చేతులూపుకోవడంతో సరిపెట్టుకున్నారు.

రత్నం పంపే కేరియరు మెట్ల దగ్గర వాచ్‌మన్ సన్యాసినాయుడు చేతిలో పడేది. అతనికి ఇప్పుడు కస్టమ్స్ బాధ్యతలు కూడా ఇచ్చారు. "మొక్కలు, మాంసం, చేపలు దిగుమతి సెయ్యకూడదంట బాబూ" అని నొచ్చుకుంటూ చేపల వేపుడు తీసి పక్కన పెట్టుకునేవాడు. ఉత్త అన్నం, మజ్జిగ మాత్రం పైకి చేరేవి. నెల తిరిగేసరికి సన్యాసినాయుడికి బుగ్గలొచ్చాయి.

ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మాత్రం మారడం మానలేదు. హిమశైల రోజూ పొద్దున్నే పేపరు చదివి నార్వేను సవరించేది. యూరప్‌లో మాంద్యమని చదివితే సూరిబాబు టీలో పంచదార తగ్గేది. ముడిచమురు ధర పెరిగిందని చదివితే, నార్వే సంపన్నమైంది కాబట్టి అతని కుర్చీకి దిండు వచ్చేది. ఒక వారం దిండు మూడుసార్లు వచ్చి మూడుసార్లు పోయింది. మార్కెట్టు ఒడిదుడుకులను ఇంత దగ్గరగా అనుభవించిన వాడు ఆ రాష్ట్రంలో మరొకడు ఉండడు.

కింద ఉన్నవాళ్ళు మొదట నవ్వారు. విదేశీ నియామకం ఉన్నవాళ్ళకి పదోన్నతిలో మార్కులు కలుస్తాయని తెలిశాక నవ్వు ఆపి దరఖాస్తులు పెట్టారు. శుభ్రంగా ఉంటుంది కాబట్టి అకౌంట్సు విభాగం సింగపూర్ అయింది. అందరి బావమరుదులూ అక్కడే ఉన్నారు కాబట్టి క్యాంటీను దుబాయ్ అయింది. గ్రేడింగు షెడ్డు ఒక్కటే ఇండియాగా మిగిలింది. అందులో పనిచేసే ఆడవాళ్ళు ఎవరూ ఏ దరఖాస్తూ పెట్టలేదు, వాళ్ళకి చేపలు వేరు చేయడానికే పొద్దు చాలదు.

మెట్ల దగ్గర సన్యాసినాయుడు ఇమ్మిగ్రేషన్ కూడా అయ్యాడు. ముద్ర కావాలి కదా, పెట్టెల మీద వేసే ముద్ర తెచ్చి వచ్చేపోయే వాళ్ళ అరచేతి మీద కొట్టేవాడు. "మొదటి రకం, బాగా ఎండినది" అని. చీఫ్ అకౌంటెంటు గారు అరచేతిలో ఆ ముద్రతోనే పెళ్ళి చూపులకి వెళ్ళారు, సంబంధం కుదరలేదు. షెడ్డు నుంచి పక్క గదిలోని అకౌంట్సుకి ఫైలు వెళ్ళాలంటే విదేశీ తపాలాలో పంపాలన్నారు. కొలంబో వెళ్ళాల్సిన నెత్తళ్ళ సరుకు సింగపూర్ సంతకం కోసం ఎదురుచూస్తూ షెడ్డులోనే పడి ఉంది. దాని కంపు మాత్రం ఏ వీసా లేకుండా అన్ని దేశాల్లోనూ తిరిగేది.

అంతలో వానలు పట్టుకున్నాయి. నార్వే కిటికీలోంచి సూరిబాబు చూస్తుండగానే ఈదురుగాలికి తన ఇంటి రేకు ఒకటి లేచి పక్కింటి గోడ మీద పడింది. రత్నం తలమీద చాట పెట్టుకుని, గిన్నెలు సర్దుకుంటూ అటూ ఇటూ పరుగెడుతోంది. గేసు బండ అయిపోయి మూడు రోజులైందని చేతి సైగలతో నిన్ననే చెప్పింది. వీధి కుళాయి దగ్గర ఒంటరిగా బిందెలు మోసి మోసి నడుం పట్టేసిందని కూడా చెప్పింది, ఆ సైగ అర్థం కావడానికి అతనికి పూటంతా పట్టింది. ఆ వానలో ఆమెను అలా చూస్తుంటే సూరిబాబుకి దుఃఖం పొంగుకొచ్చింది. ఉద్యోగం పోతే పోయిందని ఒక కాలు గుమ్మం బయట పెట్టాడు కూడా. అప్పుడు కిటికీలోంచి కనిపించింది, రత్నం చాట అవతల పారేసి, కొంగు దోపుకుని రోడ్డు దాటి వస్తోంది.

"వీసా ఉందేటమ్మా?" అన్నాడు సన్యాసినాయుడు.

"నా మొగుడికి పంపిన వేపుడు తిన్నదెవులు?" అంది రత్నం. అతను గబుక్కున పక్కకి తప్పుకున్నాడు.

జనరల్ మేనేజరు గదిలో అప్పుడు సమీక్ష జరుగుతోంది. రత్నం తడి చీరతోనే లోపలికి నడిచింది. వెనకాలే సూరిబాబు కూడా మంకీ కేప్‌తో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, మీది కుటుంబ నిరంతరతకు సంబంధించిన సమస్య" అంది హిమశైల మృదువుగా. "దానికి మా దగ్గర ఒక పరామర్శ విభాగం..."

"సమస్య కాదమ్మా, మొగుడు. నా మొగుణ్ణి నాకు ఒగ్గీయండి."

"మీ విచారం మాకు అర్థమవుతోంది. కానీ ఆయన ప్రస్తుతం దేశంలో లేరు" అన్నారు త్రివిక్రమరావు గారు, గుమ్మంలో ఉన్న సూరిబాబు వైపు చూస్తూనే.

రత్నం వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏడుద్దామనుకుని వచ్చిన మనిషి, వీళ్ళకి ఏడుపు భాష రాదని కనిపెట్టింది.

"అయితే బాబూ, ఒక మాట అడుగుతాను. మీ ఆపీసులో మనిషి ఎల్లిపోతే కుర్చీ కాళీగా ఒగ్గీస్తారేటి?"

ఆ మాటకి త్రివిక్రమరావు గారు నిటారుగా కూర్చున్నారు. సంస్థలో ఖాళీ అనేది ఉండదు. ఎవరు బదిలీ అయినా, ఎవరు మంచం పట్టినా, పక్క సీటువాడికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తూ గంటలో ఉత్తర్వు వస్తుంది. ఆయనే స్వయంగా ఇన్‌చార్జి జనరల్ మేనేజరు. అసలు జనరల్ మేనేజరు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో ఎవరూ అడగరు. దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా ఇన్‌చార్జిని నమ్మని ఉద్యోగి ఆ భవనంలో లేడు.

"ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉంచం" అన్నారు ఆయన.

"మరి మా ఇంట్లో మొగుడి సీటు కాళీగా ఉంది గదండీ. అక్కడ ఇన్‌చార్జిని ఎయ్యరేటి?"

హిమశైల విధాన గ్రంథం తిరగేసింది. కుటుంబ అవసరాలకు సంస్థ తగిన ప్రత్యామ్నాయ ఏర్పాటు చేయవలెనని అందులో ఉంది. ఎలా అన్నది లేదు. త్రివిక్రమరావు గారి మొహం మాత్రం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి తనకు తెలిసిన విద్యతో పని పడింది.

"ఆసక్తి గల వారు?" అన్నారు.

స్టోర్ కీపర్ అప్పలస్వామి జుట్టు సవరించుకుంటూ లేచాడు. రత్నం అతనివైపు ఒక చూపు చూసింది. "మా ఇంట్లోనే ఇన్‌చార్జిగా ఉన్నానండి, తీరిక లేదు" అని కూర్చుండిపోయాడు.

"అదే హోదా వారై ఉండాలి" అని వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టారు త్రివిక్రమరావు గారు. "స్థానికంగా అందుబాటులో ఉండాలి. ఆ స్థానంలో పూర్వానుభవం ఉంటే ప్రాధాన్యం. మేడమ్, ఆ స్థానంలో ఇంతకుముందు ఎవరైనా పనిచేశారా?"

"బావొక్కడే" అంది రత్నం.

"కానీ ఆయన నార్వేలో ఉన్నారు!"

"సరిహద్దులు దాటిన అదనపు బాధ్యతలకు విధానంలో నిషేధం ఏమీ లేదు సార్" అంది హిమశైల ఉత్సాహంగా. "నిజానికి ఇది ప్రపంచంలోనే మొదటిది అవుతుంది."

ఉత్తర్వు అప్పటికప్పుడు టైపు అయింది. నార్వే ప్రతినిధి శ్రీ గొర్లె సూరిబాబు, తన ప్రస్తుత బాధ్యతలకు అదనంగా, విదేశంలో ఉన్న శ్రీ గొర్లె సూరిబాబు ఇంట భర్త స్థానానికి, సాయంత్రం నుంచి ఉదయం వరకు, అదనపు జీతభత్యాలేవీ లేకుండా, పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహించవలెను. పనితీరుపై లబ్ధిదారు వారం వారం అభిప్రాయం తెలియజేయవలెను. అసంతృప్తికరమైతే బాధ్యతలు అప్పలస్వామికి మార్చబడును.

ఆ చివరి వాక్యం సూరిబాబు గుండెలో మేకులా దిగింది.

ఆ సాయంత్రం రోడ్డు దాటి ఇల్లు చేరేసరికి రత్నం గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేక చస్తోంది. "రండి ఇన్‌చార్జి గారూ, జాయినయిపోండి" అంది. సూరిబాబు జాయినయ్యాడు. ఆ రాత్రి వాన చినుకులు మంచం మీద పడుతున్నా ఇద్దరికీ పట్టలేదు.

మర్నాడే లేచి రేకు బిగించాడు. తెల్లారకముందే కుళాయి దగ్గర వరుసలో నిలబడి బిందెలు నింపాడు. గేసు బండ భుజాన మోసుకొచ్చాడు. వేపుడు చేయడం నేర్చుకున్నాడు, మొదటిది మాడింది, రెండోది సన్యాసినాయుడు కూడా మెచ్చుకున్నాడు. రత్నం పక్కింటివాళ్ళ తగువు గురించి చెబుతుంటే మధ్యలో ఆవలించకుండా చివరిదాకా విని, "అయితే తప్పు ఎవరిదంటావు?" అని అడిగేవాడు. వారం వారం ఆఫీసుకి 'తృప్తికరం' అని కబురు వెళ్ళేది. ఒక వారం 'మిక్కిలి తృప్తికరం' అని కూడా వెళ్ళింది. దాని వివరాలు హిమశైల అడిగితే రత్నం సిగ్గుపడి చెప్పలేదు.

ఇలా సుఖంగా సాగుతుండగా ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మళ్ళీ మారింది. కోటు సలహాదారు మళ్ళీ వచ్చాడు. ఈసారి ముక్కు మూసుకుని, విదేశీ నియామకాలున్న సంస్థలను చూస్తే జాలేస్తుందని, ఇప్పుడంతా స్థానికతదే యుగమని చెప్పాడు. పొద్దుగూకేసరికి దుబాయ్ మళ్ళీ క్యాంటీను అయింది. సింగపూర్ సంతకం పెట్టింది గానీ, అప్పటికి కొలంబో సరుకును కాకులు కూడా వద్దన్నాయి. నార్వేలోకి విరిగిన కుర్చీలు తిరిగి వచ్చాయి.

స్వదేశానికి తిరిగి వచ్చిన సూరిబాబుకు స్వాగత సభ జరిగింది. ఇంకో శాలువా కప్పారు. అతన్ని పర్మినెంటు చేసినట్టు ప్రకటించారు. ఇంట్లో కూడా ఇన్‌చార్జిని రిలీవ్ చేసి, రెగ్యులర్ భర్తగా యథాస్థానంలో చేరమని ఉత్తర్వు ఇచ్చారు. బాధ్యతలు ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు అని రెండుచోట్లా సూరిబాబే సంతకం పెట్టి, మధ్యలో తనకి తనే నమస్కారం పెట్టుకున్నాడు.

ఆ మర్నాడు పొద్దెక్కిందాకా పడుకున్నాడు. లేచి, వాకిట్లో కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని పేపరు విప్పాడు. ఇంతకాలం పరాయి దేశంలో కష్టపడ్డ మనిషిననీ, ఉద్యోగం ఇంట్లోనూ బయటా గట్టిపడిందనీ ధీమాగా ఉన్నాడు.

"బావా, కుళాయి ఒచ్చింది" అంది రత్నం.

"నువ్వు ఎల్లి పట్టీ. అలాగే టీ ఒకటి ఎట్టు."

రత్నం బిందె కింద పెట్టి, కొంగు దోపుకుని రోడ్డు దాటింది. సూరిబాబు పేపరు చేత్తోనే పట్టుకుని వెనకాల పరుగెత్తాడు.

"బాబూ," అంది రత్నం, త్రివిక్రమరావు గారి ముందు నిలబడి, "ఆ ఇన్‌చార్జాయన్నే నాకు మళ్ళీ ఏసీయండి. ఈ పర్మినెంటాయన్ని నార్వే పంపీయండి."

త్రివిక్రమరావు గారు ఉలిక్కిపడ్డారు. "కారణం?"

"ఆయన తెల్లారకుండా లేచి నీళ్ళు పట్టీవాడు. చెప్పిన మాట వినీవాడు. వేపుడు చేసీవాడు. ఈయనొచ్చి ఒక పూట కాలేదు, పేపరు పట్టుకుని కూకుని టీ ఎట్టమంటన్నాడు. ఇద్దరికీ పోలికే నేదు."

హిమశైల రెండు హోదాల మీదా వచ్చిన అభిప్రాయాలను పోల్చి చూసింది. "గణాంకాలు మేడమ్ మాటనే బలపరుస్తున్నాయి సార్."

"సూరిబాబూ," అన్నారు జనరల్ మేనేజరు గంభీరంగా, "తమకు ముందు పనిచేసిన వ్యక్తి అత్యున్నత ప్రమాణాలు నెలకొల్పి వెళ్ళారు. వాటిని తమరు అందుకోగలరా?"

సూరిబాబుకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ తన ఇంట్లో ఉండి, తన పెళ్ళాం మెప్పు కొట్టేసి, చల్లగా రిలీవ్ అయిపోయిన ఆ ఇన్‌చార్జి గాడు ఇప్పుడు ఎదురుపడితే కాలర్ పట్టుకుని నాలుగు తగిలించాలనిపించింది. రత్నం వాణ్ణి అలా పొగడటం మరీ సహించలేకపోయాడు.

"ఆడు చేసిందేటండి, పెద్ద!" అని పేపరు బల్ల మీదకి విసిరేశాడు. "అంతకి రెండింతలు చేస్తాను నేను!"

"చూద్దాం" అంది రత్నం. "కుళాయి ఇంకా కట్టీనేదు."

సూరిబాబు అందరికంటే ముందు గది దాటాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, దారిలో ఆ ఇన్‌చార్జిని తిట్టుకుంటూ, బిందె కోసం ఇంటికి పరుగెత్తాడు.